ఆకు చూసి చెప్పే లూషా

మా లోయలో గంజాయి మొక్క ఆకు పాలిపోతే జనం లూషా కల్మకోఫ్ దగ్గరికి వెళ్ళేవారు. చట్టం మారకముందు మాట ఇది. ఆవిడ స్కూలు బస్సు నడిపేది. పిల్లలందరినీ దింపేశాక ఖాళీ బస్సు నది పక్కన ఆపుకుని ఫ్లాస్కులో టీ తాగుతుంటే, ఎవరో ఒకరు ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ వచ్చి, జేబులోంచి చేతిరుమాలు తీసి, అందులో మడిచిన ఆకును ఆవిడ చేతిలో పెట్టేవారు. రొట్టెల కొట్టావిడా వచ్చేది, కలప మిల్లు మేస్త్రీ కూడా వచ్చేవాడు. ఒకసారి చర్చి ఫాదరు గారే వచ్చారు, తన బావమరిది కోసమని చెప్పి. ఆయనకి బావమరిది లేడని లోయంతటికీ తెలుసు.

లూషా ఆ ఆకును ఎండకేసి పట్టి చూసేది. దీపం కింద ఆకు అబద్ధం చెబుతుందని ఆవిడ నమ్మకం. తర్వాత ప్రశ్నలు మొదలయ్యేవి. కింది ఆకా, చిగురు దగ్గరిదా? ఆకంతా పాలిపోయిందా, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలోనే పాలిపోయిందా? కాడ ఏ రంగు? నీళ్ళు బావివా, వాగువా? పోసి ఎన్నాళ్ళయింది? అన్నీ విని, ఆకలని చెప్పేది, దాహమని చెప్పేది, ఎక్కువ తాగి మునిగిపోతోందని చెప్పేది. చాలావరకు ఆవిడ మాటే నిజమయ్యేది.

ఎక్కడ పెంచుతున్నావని మాత్రం అడిగేది కాదు. లూషాయే కాదు, మా లోయలో ఎవరూ ఎవరినీ ఆ మాట అడిగేవారు కాదు. తెలియని సంగతి పోలీసులు గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేం కదా. ఒకరింటికి ఒకరు భోజనానికి వెళ్ళినా మూసి ఉన్న తలుపుల వైపు చూసేవారు కాదు. బాత్రూము ఎటని అడగడానికి కూడా మొహమాటపడి, ఇంటికెళ్ళేదాకా బిగబట్టుకున్న పెద్దమనుషులు నాకు తెలుసు.

ఇంతమంది ఆకులు చూసిన మనిషి ఇంటి మీదే చివరికి పోలీసులు పడ్డారు. ఫిబ్రవరి నెల, మోకాలి లోతు మంచు. వాళ్ళు బూట్లతోనే లోపలికొచ్చేశారు. లూషా అత్తగారు నేసిన ఎర్ర తివాచీ మీద మంచూ బురదా కలిసి ముద్దయ్యాయి. రస్ హాల్వర్సన్ అనే కానిస్టేబులు లూషాకి ఎదురుగా నిలబడి, "ఎక్కడ పెట్టావు? చెప్పు, ఎక్కడ?" అని అడిగిందే అడిగాడు. లూషా బల్ల దగ్గర కూర్చుని, సూపులో వెయ్యడానికి ఒత్తిన పిండిని సన్నగా తరుగుతోంది. తలెత్తకుండా తరుగుతూనే ఉంది. చివరికి వాళ్ళు గోడ చెక్కలు ఊడబీకడం మొదలుపెట్టాక, ఆ చెక్కలు తన తండ్రి కొట్టినవి కావడంతో, ఆవిడ భర్త కూజ్మాకి ఓపిక నశించింది. వాళ్ళని సెల్లార్లోకి తీసుకెళ్ళి, జామ్ సీసాల అలమర పక్కకి జరిపి, వెనక గది చూపించాడు. "అంతా నాదే. మా ఆవిడకి ఏమీ తెలీదు" అన్నాడు. పిండి తరుగుతున్న ఆవిడ చేతి వేగం చూసినవాడెవడూ ఆ మాట నమ్మి ఉండడు. కానీ కాగితం మీద అదే రాసుకున్నారు.

కూజ్మా జైలుకెళ్ళాడు. లూషాని బస్సు మీద నుంచి తీసేశారు. తివాచీ ఎంత ఉతికినా మరక పోలేదు. ఆవిడ హాల్వర్సన్‌ని క్షమించలేదు, క్షమించే ప్రయత్నం కూడా చెయ్యలేదు. పోలీసులు దీపాలు, కుండీలు, గాలిపంకాలు అన్నీ మోసుకుపోయారు గానీ, ఫ్రీజర్లో నల్ల ద్రాక్షల సంచీ అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా వాళ్ళ కంటపడలేదు. అందులో గింజలున్నాయి.

ఏళ్ళు గడిచాయి. చట్టం మారింది. ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చన్నారు, రోడ్డు మీద వాళ్ళకి కనబడకుండా ఉంటే చాలన్నారు. అప్పటికి కూజ్మా చక్రాల కుర్చీలో ఉన్నాడు. జైలు నుంచి వచ్చి మళ్ళీ మిల్లులో చేరిన కొన్నాళ్ళకి నడుం మీద దుంగ దొర్లింది. సాయంత్రమైతే కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి, పళ్ళు గిట్టకరచుకుని కూర్చునేవాడు. కొట్లో అమ్మే గంజాయి నూనె వేసుకుంటే నొప్పి అలాగే ఉండేది, తెలివి మాత్రం పోయేది. భార్యని ఏదీ అడిగే అలవాటు లేని మనిషి ఒకరోజు, "మన పాత రకం ఉంటే బాగుండేదే" అన్నాడు. అది ఆయనకి ఒకప్పుడు పడేది.

లూషా ఫ్రీజరు తెరిచింది. గింజలు చాలా వరకు పుచ్చిపోయాయి. నానబెడితే నాలుగు మాత్రం మొలకెత్తాయి. "సర్కారు వారు లెక్కపెట్టుకున్నట్టున్నారు" అన్నాడు కూజ్మా. అవి పోతే ఆ రకం ఇక ఎక్కడా లేదు. మొదట ఆ గింజలు ఇచ్చిన మనిషి కూడా ఎప్పుడో పోయాడు.

మొక్కలు దాచాల్సిన పని ఇప్పుడు లేదు. దాచమని ఎవరూ చెప్పలేదు కూడా. అయినా లూషా వాటిని నాటిన నాలుగు కప్పుల్నీ ట్రేలో పెట్టుకుని తిన్నగా సెల్లార్లోకి దిగి, జామ్ అలమర వెనక గదిలో, పాత చోటే నేల మీద పెట్టింది. కొత్తగా కొన్న ఎల్.ఈ.డి. దీపం పైన వేలాడదీసింది. అలమర మళ్ళీ జరిపేసి పైకొచ్చి, అలవాటుగా వంటింటి కర్టెన్లు కూడా మూసేసింది.

మొదట బాగానే లేచాయి. ఆ తర్వాత కింది ఆకులు పాలిపోయి, పసుపెక్కాయి. కాడలు ఊదారంగుకి తిరిగాయి. కొత్త ఆకులు వచ్చాయి గానీ పిల్లి చెవుల్లా చిన్నగా అక్కడే ఆగిపోయాయి. ఊళ్ళో వాళ్ళ ఆకులన్నీ చదివిన మనిషికి తన మొక్కలు అంతుపట్టలేదు. కింది ఆకు పాలిపోతే ఆకలి అన్నది ఆవిడ పాత లెక్క. చేప ఎరువు నీళ్ళలో కలిపి పోసింది. రెండ్రోజులకి ఆకు కొసలు మాడి ముడుచుకున్నాయి. తినలేని వాడికి ఇంకా వడ్డించినట్టయింది.

సిగ్గు చంపుకుని ఓ ఆకు చేతిరుమాల్లో మడిచి, విత్తనాలూ ఎరువులూ అమ్మే గ్వెన్ కొట్టుకి వెళ్ళింది. గ్వెన్ ఆవిడకి చిన్ననాటి నేస్తం. ఇప్పుడంతా బాహాటంగా అమ్ముకుంటున్నా చేతిరుమాలు చూడగానే తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"ఏమే, బస్సు డాక్టరమ్మకే జబ్బొచ్చిందా?"

"వెటకారాలు తర్వాత చేద్దువుగానీ, చూడు."

గ్వెన్ కళ్ళజోడు పెట్టుకుంది. "నీళ్ళు ఎక్కువ పోస్తున్నావేమో."

"కప్పు ఎత్తి, తేలిగ్గా ఉంటేనే పోస్తున్నా."

"నీళ్ళేవి?"

"వాననీళ్ళు."

"దీపం దగ్గరగా పెట్టావా?"

"జానెడు పైన. అది వేడెక్కే దీపం కూడా కాదు."

"అయితే గింజ ముసలిదై ఉంటుందే. నీలాగా, నాలాగా." గ్వెన్ ఆకు తిరిగిచ్చేసింది. "ఇంకొన్నాళ్ళు చూడు. పోతే పోతాయి."

లోయలో పుట్టి పెరిగిన గ్వెన్ అన్నీ అడిగింది. ఎక్కడ పెట్టావని మాత్రం అడగలేదు. లూషాకి ఆ లోటు తెలియలేదు.

మర్నాడు పొద్దున ఎండ బాగా కాసింది. లూషా బాగా చెడిన మొక్క కప్పుని చేత్తో పట్టుకుని పెరటి మెట్ల మీదికొచ్చి, ఆకుని వెలుగుకేసి తిప్పి చూస్తోంది. పక్కింటి కంచె అవతల ఎవరో దగ్గారు. రస్ హాల్వర్సన్. రిటైరయ్యాక ఆ ఇల్లు కొనుక్కుని వచ్చాడు. పక్కపక్కనే ఉంటున్నా లూషా ఇంతవరకు అతన్ని పలకరించలేదు. అతను చెయ్యెత్తినప్పుడల్లా ఆవిడ ఆకాశం వైపు చూసేది.

"ఆకు పసుపెక్కినట్టుందే" అన్నాడు.

లూషా ఆకాశం వైపు చూసింది.

"ఎక్కడ పెట్టారండీ దాన్ని?"

లూషా అతని వైపు తిరిగింది. "ఆ మాట నువ్వు నన్ను ఇదివరకే అడిగావు."

"అడిగాను." అతను చేతి తొడుగులు తీసి కంచె మీద పెట్టాడు. "మీరు చెప్పలేదు."

"ఇప్పుడెందుకు చెప్పాలి?"

"చెప్పక్కర్లేదండి. నాకు మొక్కల సంగతి బొత్తిగా తెలీదు. అదెక్కడుందో తెలియకుండా దానికేమైందో ఎలా తెలుస్తుందా అనిపించింది, అంతే."

లూషా లోపలికొచ్చి తలుపేసుకుంది. ఒళ్ళంతా మండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోలేదు. అన్నేళ్ళుగా ఎవరెవరి ఆకులో పట్టుకుని ఎన్నో ప్రశ్నలు వేసింది. ఆ ఒక్క ప్రశ్న తను ఎవరినీ అడగలేదు, తనని తాను కూడా అడగలేదు. అడిగినవాడు లోకంలో వీడొక్కడా అనుకుంటే ఏడుపొచ్చింది. తర్వాత తలుపు తీసుకుని మళ్ళీ మెట్ల మీదికి వెళ్ళింది. అతనింకా అక్కడే ఉన్నాడు.

"సెల్లార్లో" అంది. పుచ్చిపోయిన పన్ను పీకినట్టు ఊడివచ్చింది ఆ మాట. "పాత చోటే. కింద."

"ఆ సిమెంటు నేల మీదా?"

"నేల మీదే."

హాల్వర్సన్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "ఆ రోజు మీ దీపాలన్నీ పీకేసి, పొయ్యి కూడా ఆరిపోయాక, సామాను మొయ్యడానికి బండి వచ్చేదాకా నన్ను అక్కడ కాపలా పెట్టారు. బూట్లలోంచి చలి ఎక్కి, పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదండి నాకు. వారం రోజులు కుంటుతూ నడిచాను."

లూషా సెల్లార్లోకి దిగింది. అలమర జరిపి, కాలికున్న ఉన్ని చెప్పు విప్పి, ఒట్టి పాదం నేల మీద పెట్టింది. పెట్టీ పెట్టగానే లాగేసుకుంది. పాత రోజుల్లో ఆ గదిలో పెద్ద దీపాలు కొలిమిలా మండేవి, గోడ అవతల కట్టెల పొయ్యి ఉండేది. నేల వెచ్చగా ఉండేది. కూజ్మా కుర్చీ పాలయ్యాక కట్టెలు వేసేవాళ్ళు లేక ఆ పొయ్యి ఆర్పేసి, పైన కరెంటు హీటర్లు పెట్టించుకున్నారు. కొత్త దీపానికి వెలుగే గానీ వేడి లేదు. దీపాలూ పొయ్యీ లేనప్పుడు ఆ నేల చలి ఎరిగిన మనిషి ఆ కానిస్టేబులు ఒక్కడే. కప్పులు ఎత్తి అడుగు తడిమి చూసింది. వాగులో పెట్టి తీసిన సీసాల్లా ఉన్నాయి. మట్టిలో తిండి ఉంది, చలికి బిగుసుకున్న వేళ్ళు దాన్ని అందుకోలేకపోయాయి. తను దాని మీద ఇంకా ఎరువు కుమ్మరించింది. ఎంత తెలివితక్కువ పని చేశానని లూషా అక్కడే మెట్టు మీద కూర్చుని తనని తాను తిట్టుకుంది.

ట్రే పైకి తెచ్చి వంటింట్లో, పెరటి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. కింద చెక్కపలక, దాని కింద మడిచిన దుప్పటి. కర్టెన్లు బార్లా తీసింది.

కూజ్మా కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. "కర్టెన్లు తీసున్నాయే."

"ఉండనీ."

"వాడు చూస్తాడు."

"చూడనీ. నేనే చెప్పాను."

"ఎక్కడున్నాయో చెప్పావా? వాడికా?" కూజ్మా భార్య మొహంలోకి చూశాడు. "నన్ను తీసుకుపోతున్నా నోరు విప్పని దానివి, కంచె దగ్గర నిలబడి చెప్పేశావా?"

"చెప్పేశాను."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు" అంది లూషా. అలా అన్నాక ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

ఒక మొక్క పోయింది. అందరికంటే ముందు పసుపెక్కింది అదే. మిగతావాటికి కింది ఆకులు ఎండి రాలిపోయాయి. ఒకసారి పసుపెక్కిన ఆకు మళ్ళీ పచ్చబడదు, చిగురే చూసుకోవాలని లూషా అందరికీ చెప్పేది. ఇప్పుడు ఆ చిగురు కోసం పొద్దున లేవగానే మొహమైనా కడుక్కోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళేది. కూజ్మా అప్పటికే అక్కడుండేవాడు. ఒకరోజు కొత్త జత విచ్చుకుంది, అరచేతిలా వెడల్పుగా, పచ్చగా. నూనె కావాలంటే ఆకులు రాలే కాలం రావాలి, నూనె ఇచ్చేది ఆడ మొక్క పూతే, వీటిలో ఆడవెన్నో కూడా ఇంకా తెలీదు. కానీ బతికాయి. కూజ్మా ఒక కాడని వేలితో తాకి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. భార్య అటు తిరిగేదాకా ఆగి, అప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు.

కంచె అవతల హాల్వర్సన్ మట్టి తవ్వుతున్నాడు. లూషా కిటికీ తెరిచింది.

"వచ్చి చూసుకో" అంది.

అతను పెరటి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. వంగి, చాలాసేపు తాళ్ళతో తంటాలు పడి, రెండు బూట్లూ విప్పి, గోడవారగా జత చేసి పెట్టాడు. ఒక మేజోడుకి మడమ దగ్గర చిల్లు ఉంది. లోపలికొచ్చి ఎర్ర తివాచీ అంచు దగ్గర నిలబడ్డాడు. మరక ఎక్కడుందో అతనికీ తెలిసినట్టుంది, దాన్ని తొక్కలేదు. మొక్కల వైపు చూశాడు, కూజ్మా వైపు చూశాడు.

లూషా క్యాబేజీ సూపు గిన్నె పొయ్యి మీద పెట్టి, కాలితో ఒక కుర్చీ అతని వైపు జరిపింది.

"కూర్చోండి. అలా నిలబడితే పాదాలకి చలి ఎక్కుతుంది."