ఇంటిమనిషి నెవిల్ కొండెక్కిన శనివారం

కొండలెక్కినవాళ్ల గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. మా ఊరి లైబ్రరీలో ఉన్నవన్నీ చదివాను. వాళ్లు తిరిగొచ్చేదాకా ఇంట్లో కూర్చున్నవాళ్ల గురించి ఒక్కటీ లేదు. అందుకే నెవిల్ కోర్కరన్ గురించి నేనే రాస్తున్నాను.

మాది న్యూజిలాండ్ దక్షిణ దీవిలో పడమటి తీరం. వెనక కొండలు, ముందు సముద్రం, మధ్యలో వాన. ఊళ్లో ఒకే ఒక్క కలప మిల్లు మిగిలింది. అందులో నేనూ మిగిలాను. వారమంతా దుంగలు దొర్లించినవాడికి సెలవు రోజున రెండే దారులు, తాగడమో అడవిలోకి పోవడమో. తాగడం మా నాన్న నా వంతు కూడా కలిపి చేసేశాడు. నేను అడవి పట్టుకున్నాను.

మా ఊళ్లో అడవికి వెళ్లే ఎవరైనా ముందు నెవిల్ వంటింటికి వెళ్లాలి. ఏ లోయలోంచి వెళ్తున్నామో, ఎక్కడ పడుకుంటామో, ఎప్పటికి తిరిగొస్తామో చెప్పాలి. చెప్పిన గడువు దాటితే ఆయన పోలీసులకి ఫోన్ చేస్తాడు, వాళ్లు వెతకడానికి బయల్దేరతారు. తిరిగొచ్చాక బురద బూట్లతో సొంత ఇంటికన్నా ముందు ఆయన గుమ్మం తొక్కాలి. టీ ఇస్తాడు. వాగు ఎంత లోతుంది, చరియ విరిగి దారి ఎక్కడ తెగింది, అడిగి అడిగి చెప్పించుకుంటాడు. ఆయన్ని మేం ఇంటిమనిషి అనేవాళ్లం.

ఆ ఇంటిమనిషి ఒక్క రాత్రి కూడా కొండ మీద పడుకోలేదు. భార్య ఐలీన్‌కి మూర్ఛలు. రాత్రిపూట ఆమెని ఒంటరిగా వదిలే వీల్లేదు. ఇరవై ఏళ్లు మమ్మల్ని పంపించి ఫోన్ పక్కన కూర్చున్నాడు.

పోయిన శీతాకాలంలో ఐలీన్ పోయింది. వసంతం రాగానే నెవిల్ బల్ల మీద మ్యాపు పరిచి, తెల్లకొంగ కనుమ మీద వేలు పెట్టి, "ఈసారి నేనూ వస్తున్నాను," అన్నాడు. అక్కణ్ణించి ఒకవైపు మంచుకొండలు, ఒకవైపు సముద్రం కనిపిస్తాయని ఇన్నేళ్లూ ఆయన్ని ఊరించింది మేమే. ఆయన తుంటి అరిగిపోయింది. వచ్చే నెల ఆపరేషన్. ఆ తర్వాత సంచి మోస్తూ అంత ఎత్తు ఎక్కడం కుదరదని డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

ఆంటీ హుయా మాకు నాయకురాలు. ఊళ్లో మావొరీ తెగ పిల్లలకే కాదు, అందరికీ ఆవిడ ఆంటీయే. నది ఎక్కడ దాటాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో ఆవిడ మాటే మాట. మూడోవాడు రాస్, మిల్లులో నా పక్క మిషన్ మీద ఉంటాడు. నాలుగోవాణ్ణి నేను.

వరసగా మూడు వారాలు వాన మమ్మల్ని వెళ్లనివ్వలేదు. ప్రతి శుక్రవారం సంచులు సర్దడం, నది పొంగిందని తెలియడం, విప్పెయ్యడం. నెవిల్ సంచిలో బంగాళాదుంపల బస్తా వేసుకుని, గొడుగు పట్టుకుని, చర్చి వీధి ఎక్కి దిగేవాడు. సాయంత్రాలు ఆయన వంటింట్లో ఎండబెట్టిన కీమా, ఓట్స్, జున్ను తూకం వేసేవాళ్లం. నాకు కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. కూర్చునేవాణ్ణి, లేచేవాణ్ణి, కిటికీలోంచి వానని తిట్టేవాణ్ణి.

"ఈ ఇనప పెనం దేనికి పెద్దాయనా? జింక ఎదురొస్తే నెత్తిన కొడతావా?" అన్నాడు రాస్.

"నీ నెత్తి చేతికందేంత దగ్గర్లో ఉండగా జింక దాకా ఎందుకు?"

"ఇలా కూర్చుంటే ఎప్పటికీ వెళ్లం. పోనీ వానలోనే పోదాం," అన్నాను నేను.

"నీ తొందర నదికేం పట్టింది, కీరన్?" అంది ఆంటీ. "ఆ గిన్నె కడుగు."

నాలుగో వారం ఆకాశం విచ్చుకుంది. శని, ఆదివారాలు పొడి. ఆదివారం రాత్రికి మళ్లీ వానట. తెల్లారకుండానే రాస్ కారులో బయల్దేరి, మట్టిరోడ్డు మీద రెండు గంటలు ఎగిరెగిరి పడి, రోడ్డు ఆగిపోయే చోట నది ఒడ్డున దిగాం. ఇసుక ఈగలు కుడుతున్నాయి. నెవిల్ బూట్లు బిగిస్తూ, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు.

"సరే, ఇంతకీ మన గడువు ఎవరికి చెప్పినట్టు?" అన్నాడు రాస్.

పాట ఆగిపోయింది.

ఆంటీ నెవిల్ వైపు తిరిగింది. "నువ్వు చూసుకున్నావనుకున్నా."

"నేనా?" అన్నాడు నెవిల్. "నేను..."

తిండి, దారి, మందులు, తాళ్లు, అన్నీ ఆయనే చూసుకున్నాడు. ఇంట్లో ఫోన్ పక్కన కుర్చీ ఖాళీ అయిందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆయనకీ తట్టలేదు. ఇన్నేళ్లూ అందులో కూర్చున్నది ఆయనే కదా.

"ఒక్కసారికి ఏమౌతుంది?" అన్నాను. "ఆంటీ సంచిలో బీకన్ ఉందిగా. ప్రమాదం వస్తే నొక్కుదాం, వెతికేవాళ్లకి సిగ్నల్ పోతుంది."

"నొక్కడానికి చెయ్యి ఆడకపోతే అదీ ఓ రాయే," అంది ఆంటీ. "మా తమ్ముడు కాలు విరిగి వాగులో పడున్నప్పుడు వాణ్ణి బతికించింది ఎవరు? నువ్వు చదివే పుస్తకాలా? ఈయన చేసిన ఫోను. ఇంట్లో మనిషి లేకుండా నేను నీళ్లలో కాలు పెట్టను."

ఫోన్ సిగ్నల్ ఊరి వంతెన దగ్గరే ఆగిపోయింది. అందరం అక్కడికెళ్లి కబురు చెప్పి వస్తే మధ్యాహ్నమౌతుంది. నెవిల్ తుంటితో చీకటి పడేలోగా రాత్రి బసకి అడవిలో ఉన్న గుడిసె చేరలేం. అంటే ప్రయాణం పోయినట్టే. ఒక్కరు వెనక్కెళ్లి ఉండిపోతే మాత్రం మిగతా ముగ్గురూ వెళ్లొచ్చు.

అందరం నెవిల్ వైపు చూశాం. చెడ్డ ఉద్దేశంతో కాదు, అలవాటు కొద్దీ. ఆయన వేళ్లు కూడా అలవాటుగానే సంచి నడుంపట్టీ బకిల్ మీదకి పోయాయి. అది ఊడింది కూడా. అంతలో చెయ్యి ఆగింది.

"కాదు," అన్నాడు. "ఈసారి నేను కాదు. మీరు ముగ్గురూ ఆ కనుమ చూసినవాళ్లే. మీలో మీరు తేల్చుకోండి."

బకిల్ మళ్లీ పెట్టుకుని, మాకు వీపు చూపించి నది వైపు నిలబడ్డాడు. నేను బూటు లేసు ఊడకపోయినా విప్పి కట్టుకున్నాను.

"కారు నాది," అన్నాడు రాస్ చివరికి. "దానికి గేరు పడాలంటే బూతులు తిట్టాలి, అవి నాకొక్కడికే వచ్చు. ఛీ! వెధవ బతుకు." డోరు తెరిచాడు, మూశాడు. "ఏయ్ పెద్దాయనా, ఇంటికెళ్లి ఏం చెయ్యాలి?"

నెవిల్ వెనక్కి తిరిగాడు. "ఏం చెయ్యకూడదు. అదే పని. ఈ రాత్రి వాన చప్పుడు వినిపిస్తుంది. అది వాన కాదు, నీ చెవి. లేచి కిటికీ తియ్యకు. రేపు మధ్యాహ్నానికి మేం చచ్చిపోయామని గట్టిగా అనిపిస్తుంది. టీ పెట్టుకో. సాయంత్రం కారు ఇక్కడికి తీసుకురా. చీకటి పడ్డాక కూడా మేం రాకపోతే వంతెన దాకా వెళ్లి ఫోన్ చెయ్యి. దానికి ముందు మాత్రం చెయ్యకు."

"ప్రతిసారీ ఇంతేనా నీకు?"

"ఐలీన్ కబుర్లు చెప్పేది. నీకు పిల్లి ఉందిగా."

రాస్ కారెక్కాడు. దాన్ని తిట్టాడు. అది కదిలింది.

ముగ్గురం చేతులు పెనవేసుకుని, నెవిల్‌ని మధ్యలో పెట్టుకుని నది దాటాం. నీళ్లు తొడల దాకా వచ్చాయి. ఆ పైన నాచు పట్టిన బీచ్ జాతి చెట్ల కింద దారి. మాకు మేం తప్ప ఎవరూ లేరు. నేను ఆయన నడకతో వేగలేక ముందుకు పోయేవాణ్ణి, ఆగేవాణ్ణి, వెనక్కొచ్చేవాణ్ణి. "నువ్వు రెండుసార్లు ఎక్కుతున్నావురా," అన్నాడు, రొప్పుతూ. బస చేరాక పొయ్యి ముందు కూర్చుని కూడా, "రాస్ కిటికీ తీసుంటాడు," అన్నాడు.

మర్నాడు పొద్దున చివరి చరియ, గడ్డి దుబ్బులు పట్టుకుని దాదాపు చేతుల మీద ఎక్కాడు. నేను సంచి అందుకోబోతే విదిలించాడు.

మబ్బు లేదు. మంచుకొండలు అటు, సముద్రం ఇటు. నెవిల్ చాలాసేపు నిలబడి చూశాడు.

"సముద్రం ఎడమ పక్కన ఉంటుందనుకున్నాను," అన్నాడు. "ఇన్నేళ్లలో మీలో ఒక్కడూ సరిగ్గా చెప్పలేదు."

ఆంటీ టీ కాచింది. ఎండ ఎంతసేపుంటుందో చూసి, "త్వరగా తాగండి," అంది. "ఆలస్యమైతే రాస్ అక్కడ కూర్చోవాలి."

"కూర్చోనీ," అన్నాడు నెవిల్.

ఆంటీ నవ్వేసి రాయికి చేరగిలబడింది. నేను కూడా ఎందుకో మొదటిసారి కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మా కప్పుల్లో టీ సగం కూడా తగ్గలేదు, నెవిల్ సంచి తగిలించుకుని నిలబడ్డాడు.

"లేవండి, లేవండి. వాడు ఈపాటికి మనల్ని పాతిపెట్టేసి ఉంటాడు."

కుంటుకుంటూ మాకన్నా ముందే దిగడం మొదలుపెట్టాడు.