కుట్టు చూసి కత్తిరించే మా వదిన

మా వదినకు కత్తెర పట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు దర్జీ పని చేసిన మనిషి. మా వీధిలో సగం మంది ఒంటి మీద ఉండేవి ఆవిడ చేతి కుట్లే. అలాంటిది నలభై ఒకటో ఏట అంబులెన్స్ టెక్నీషియన్ కోర్సులో చేరి, అన్నింట్లోనూ నెగ్గుకొచ్చి, చివరికి ఎక్కడ బోల్తా పడిందయ్యా అంటే కత్తెర దగ్గర. ఈ సంగతి చెబితే చాలామంది నమ్మరు. నేను నమ్మక చస్తానా? ఆవిడ కోసిన బట్టల లోపల ఉన్నది నేనే.

మాది రెండో అంతస్తులో మూడు గదుల ఇల్లు. అందులో ముందు గది ఎప్పుడూ మాది కాదు, కుట్టుమిషన్‌ది. కిటికీ పక్కన మిషను, దాని కింద ముక్కల బుట్ట, గోడ పొడవునా ఎవరెవరివో సగం కుట్టిన బట్టలు. వచ్చిన చుట్టాలు వాటి మధ్యలోంచి తల వంచుకుని రావలసిందే. అన్నయ్య సరుకు లారీ నడుపుతాడు. వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. ఇంట్లో మిగిలేది అమ్మ, వదిన, నేను. గొడవలుండవా అంటే, ఉంటాయి. రోజూ ఉంటాయి. ఏ రోజైనా లేకపోతే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లో నిలబడ్డ చోటే కూలిపోయింది. ఊపిరి లేదు. నేను ఫోన్ చేసి, అవతలివాళ్లు అడ్రసు అడిగితే నా పేరు చెబుతున్నాను. వదిన నా చేతిలోంచి ఫోన్ లాక్కుని నేల మీద పెట్టి, అవతలి మనిషి చెప్పినట్టే రెండు చేతులూ అమ్మ ఛాతీ మీద ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. పది నిమిషాలు ఆపలేదు. అంబులెన్స్‌లోంచి పాతికేళ్లు కూడా ఉండని ఒక అమ్మాయి సంచీతో పరుగెత్తుకొచ్చింది. అమ్మ ఒంటి మీద వదిన కుట్టిన పూల గౌను ఉంది. మెడ చుట్టూ సన్నటి అంచు, దానికే వారం పట్టింది ఆవిడకు. ఆ అమ్మాయి కత్తెర తీసేసరికి వదిన ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగమ్మా, వెనక హుక్కులున్నాయి. ఒక్క క్షణం, విప్పేస్తాను."

ఆ అమ్మాయి మోచేత్తో వదిన చేతిని తోసేసి, మెడ దగ్గర నుంచి కింది దాకా ఒక్క ఊపులో కోసేసింది. ఛాతీ మీద పట్టీలు అంటించి షాక్ ఇచ్చే మిషను పెట్టింది. రెండోసారి షాక్ ఇచ్చాక అమ్మ గుండె మళ్లీ కొట్టుకుంది. నేను గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను. వదిన ఏడవలేదు. తన చేతిని తానే చూసుకుంటూ కూర్చుంది.

అమ్మ కోలుకుని ఇంటికొచ్చి, కూరలో ఉప్పు ఎక్కువైందని మొదటి గొడవ పెట్టిన రోజున, వదిన కోర్సు సంగతి చెప్పింది. ఎనిమిది నెలలు. వయసు అడ్డం కాదట. నేను ఎగతాళి చేశాను. అన్నయ్య ఫోన్‌లోనే, మొదటి రోజు లారీలో దింపుతానన్నాడు. అమ్మ మాత్రం మూతి ముడుచుకుంది. ఇంట్లో ఇంత పని పెట్టుకుని ఊళ్లోవాళ్ల ప్రాణాలు నీకెందుకంది. వదిన వింది, తల ఊపింది, వెళ్లి చేరింది. ఆవిడ మాకెవరికీ ఎదురు చెప్పదు. చేయదలచుకున్నది మాత్రం చేసి తీరుతుంది. ఆ పద్ధతి నాకు ఒళ్లు మండిస్తుంది, అసూయ కూడా పుట్టిస్తుంది.

అంబులెన్స్ షెడ్డు వెనకున్న పొడుగాటి గదిలో క్లాసులు. ఇరవై మంది, చాలామంది ఆవిడ వయసులో సగం. మొదటి రోజు హడావుడిలో మెడలో కొలతల టేపు వేసుకునే వెళ్లిపోయింది. దాంతో టేపక్క అనే పేరు స్థిరపడింది. ఇంట్లో చదువు కూడా దర్జీ చదువే. గోధుమరంగు కాగితం నేల మీద పరిచి, నన్ను పడుకోబెట్టి చుట్టూ గీత గీసి, అందులో ఎముకలూ రక్తనాళాలూ గుండెకాయా ఊపిరితిత్తులూ సుద్దతో వేసుకునేది. ఆ కాగితం గోడకు వేలాడదీసింది. చొక్కా కొలతలివ్వడానికి వచ్చిన పెద్దాయన ఒకాయన దాన్ని చూసి, కొత్త ఫ్యాషనా అని అడిగాడు.

కట్లు కట్టడంలో ఆవిడను మించినవాళ్లు లేరు. ముడత లేకుండా, బిగుతు సరిగ్గా. విరిగిన కాలికి బద్దలు కట్టినా సూటుకు కాలరు కుట్టినంత శ్రద్ధ. నేర్పే మాస్టారు ముప్పై ఏళ్లు అంబులెన్స్‌లో తిరిగి రిటైరైన మనిషి. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుండేది కాబట్టి పిల్లలంతా ఆయన్ని గడియారం మాస్టారు అనేవాళ్లు. నోరు తెరిచి ఒకరిని మెచ్చుకోడు. అలాంటాయన వదిన కట్టిన కట్టును ఫొటో తీసుకున్నాడని విని, ఆ రోజు నేను ఆఫీసులో అందరికీ చెప్పాను.

ఏడో నెలలో ప్రాక్టికల్ పరీక్ష. మేడ మీద నుంచి పడిన మనిషి అని ఒక నిలువెత్తు బొమ్మను పడుకోబెట్టారు. చొక్కా, ప్యాంటు, బూట్లు అన్నీ తొడిగారు. ఒంటి మీద దెబ్బలెక్కడున్నాయో కనిపించేలా నిమిషంలోపు బట్టలు కోసి తెరవాలి. మెడ కదలకూడదు, చేతులు కదపకూడదు. కత్తెర కాబట్టి వదినకు ఇది వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాం అందరం. ఆవిడ వంగింది. చొక్కా పక్కన తడిమింది. చంక కింద కుట్టు దొరికింది. దాని వెంబడి పోనివ్వడానికి బొమ్మ చేతిని నెమ్మదిగా పైకెత్తింది. కుట్టు దగ్గర బట్ట నాలుగు పొరలుంటుంది, కత్తెర ఆగి ఆగి నడుస్తుంది. ఆ సంగతి ఆవిడకంటే తెలిసినవాళ్లెవరు? అయినా కుట్టు వదల్లేదు. రెండు నిమిషాలు దాటాక మాస్టారు వాచీ ఆపేశాడు.

"బట్ట బతికిందమ్మా," అన్నాడు. "మనిషి పోయాడు."

ఎవరూ నవ్వలేదట. రెండు వారాల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ తప్పితే పేరు కొట్టేస్తారు, మళ్లీ చేర్చుకోరు. ఇంటికొచ్చి ఈ మాటలు ఏ మాత్రం గొంతు పెంచకుండా చెప్పి, గిన్నెలు తోమడానికి వెళ్లింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

మర్నాటి నుంచి ఇల్లు పరీక్ష గదైపోయింది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే ముందు గదిలో నేల మీద పడుకోవాలి. ఒంటి మీద అన్నయ్య పాత చొక్కా. అమ్మ వంటింటి టైమరు పట్టుకుని కుర్చీలో కూర్చునేది. కోర్సంటే ముఖం చిట్లించిన అమ్మే, ఇప్పుడు ఒక్క సెకను కూడా వదలకుండా లెక్కపెట్టేది. వదిన కోసేది. తర్వాత మిషను ముందు కూర్చుని కోసిందాన్ని కుట్టేది, మర్నాడు మళ్లీ కోయడానికి. ఇంట్లో పాతబట్టలు ఎన్నని ఉంటాయి? అన్నయ్య లారీ దిగి వచ్చి చూసుకునేసరికి ఆయన చొక్కాలన్నీ తలా నాలుగుసార్లు ఆపరేషన్ అయి ఉన్నాయి. వాటిలోనే ఒకటి తొడుక్కుని నా బదులు నేల మీద పడుకున్నాడు.

పది రోజులైనా నిమిషం నలభై దగ్గరే ఆగిపోయింది టైమరు. పదకొండో రోజు నాకు విసుగొచ్చి, ఆవిడ కుట్టిన చొక్కాను వెలుగులో పెట్టి చూశాను. ఎక్కడా కొత్త గీత లేదు. ప్రతిసారీ పాత కుట్టు మీదే కోసింది, పాత కుట్టు మీదే కుట్టింది. మళ్లీ కుట్టుకోవడానికి వీలుగా కోస్తోందన్నమాట. నేను ఒంటికాలి మీద లేచాను. రోగి కోసం కోస్తున్నావా, మిషను కోసం కోస్తున్నావా అని అరిచాను. సూదులూ దారపు ఉండలూ అన్నీ తీసి నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

"చెయ్యి రావట్లేదే," అంది వదిన. "ఎవరో కూర్చుని కళ్లు పోగొట్టుకుని కుట్టుంటారు. దాని మధ్యలో కత్తెర పెడుతుంటే నా వేలు తెగినట్టే ఉంటుంది."

మాటల్లో ఓడిపోతున్నప్పుడు నేను మరింత గట్టిగా అరుస్తాను, అదే చేశాను.

పరీక్షకు ముందు సాయంత్రం నేను నా నీలం చొక్కా వేసుకుని నేల మీద పడుకున్నాను. నాకు ఉద్యోగమొచ్చినప్పుడు మొదటి రోజుకని వదిన కుట్టింది అది. పదకొండేళ్లయినా కాలరు వంగలేదు. ముఖ్యమైన రోజున తప్ప బయటికి తీయను. దాన్ని చూడగానే వదిన కత్తెర కింద పెట్టేసింది. ఇది మాత్రం కోయనంది. ఇదే కోయాలన్నాను. ఇద్దరం పంతానికి పోయాం.

అమ్మ టైమరు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. అలిగిందనుకున్నాను. పెట్టె మూత చప్పుడైంది. ఒక ప్లాస్టిక్ సంచీతో తిరిగొచ్చి, అందులోది తీసి వదిన ఒళ్లో పరిచింది. పూల గౌను. ఆసుపత్రిలో పారేశారని మేమనుకున్నది. మెడ నుంచి కింది దాకా నిలువునా తెగి ఉంది, సన్నటి అంచుతో సహా. దారం పోగులు అలాగే వేలాడుతున్నాయి.

వదిన దాన్ని తాకలేదు. "నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను అత్తయ్యా," అంది. ఇన్నాళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"తెలుసు," అంది అమ్మ. తెలియకేం, నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఆసుపత్రిలోనే చెప్పేశాను. "చెయ్యి పట్టుకున్నావు, నిజమే. అంతకుముందు పది నిమిషాలు నా ఛాతీ నొక్కిందెవరు? చూడమ్మాయ్, ఇంత మంచి గౌను నాకు ఎవరూ కుట్టివ్వలేదు. ఆ పిల్ల నీ కుట్టు వంక చూడలేదు కాబట్టి నేనిక్కడ కూర్చుని నీతో పోట్లాడుతున్నాను. ఎవరింట్లోనో నాలాంటి ముసలిది ఉంటుంది. దాన్ని కూడా పోట్లాడుకోనివ్వు."

వదినకు అప్పుడు ఏడుపొచ్చింది. గౌనులో ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చింది. అమ్మ ఆవిడ తల మీద చెయ్యి వేసి, ముక్కు మాత్రం దానికి తుడవకు అంది. నేను నేల మీద పడుకునే ఉన్నాను, లేవాలో వద్దో తెలియక. నా కళ్లలోంచి కారింది చెవుల్లోకి పోయింది.

తర్వాత వదిన ముఖం కడుక్కుని వచ్చింది. కత్తెర తీసుకుంది. అమ్మ టైమరు నొక్కింది. చల్లటి ఇనుము నా పొట్ట మీద నుంచి గడ్డం దాకా గుండీల పక్కగా సూటిగా వచ్చింది, ఆగలేదు. మణికట్టు నుంచి భుజం దాకా ఇంకో గీత. నా చెయ్యి నేల మీద నుంచి లేవలేదు. ముప్పై ఎనిమిది సెకన్లు. బట్ట చిరిగే చప్పుడు గది నిండా వినిపించింది. నాకు ఎంత ఇష్టమైన చొక్కాయో అంత సంతోషమేసింది.

మర్నాడు నేను ఆఫీసుకు సెలవు పెట్టి షెడ్డు వెనక వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అరగంటకు గడియారం మాస్టారు బయటికొచ్చాడు. నేనెవరో ఆయనకు తెలియదు, అయినా నా ముఖం చూసి తెలుసుకున్నట్టున్నాడు.

"ముప్పై ఐదు సెకన్లు," అన్నాడు. "అన్నీ అయిపోయి నేను వాచీ ఆపాక, ఆ చొక్కా అంచు పట్టుకుని చూసి, కుట్టినవాడు మంచి పనివాడండీ, పాపం అంది మీ అక్క."

మా వదిన అని దిద్దాను. ఆయన నవ్వగా చూసినదాన్ని నేనొక్కదాన్నే అని తర్వాత పిల్లలు చెప్పారు.

ఇప్పుడు వదిన వారానికి ఐదు రోజులు అంబులెన్స్‌లో వెళుతుంది. మిషను గదిలోనే ఉంది, ఆదివారాలు తిరుగుతుంది. నీలం చొక్కాకు బదులు అచ్చం అలాంటిదే కొత్తది కుట్టిపెడతానని కాళ్లావేళ్లా పడింది. నేను వద్దన్నాను, బీరువా తాళం తీసి దారం ఇచ్చి ఇదే కుట్టమన్నాను. పోనీ గీత కనబడకుండా పట్టీ వేస్తానంది. అదీ వద్దన్నాను. మూతి ముడుచుకుని కుట్టింది. ఆవిడ పద్దెనిమిదేళ్లలో ఇంత వికారమైన కుట్టు వేయలేదట.

ముఖ్యమైన రోజుల్లో ఇప్పటికీ అదే వేసుకుంటాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఎవరో ఒకరు అడుగుతారు, మేడమ్, ముందువైపు చిరిగిందా అని. చిరగలేదు, కోశారంటాను. వాళ్లు ఇంకా చూస్తుంటే ఆ గీత మీద వేలు పెట్టి చూపిస్తాను, మా వదిన పాసైంది ఇక్కడే అని.