నాన్న కారుకు నేను చేయించిన స్నానం

నాన్న పోయాక పంపకాల్లో ఎవరి వాటాకూ రాకుండా మిగిలింది ఆయన అంబాసిడర్ ఒక్కటే. బాపట్లలో ఉండే అన్నయ్య దాన్ని రేపల్లె ఆసామి ఒకాయనకు అమ్మేద్దామన్నాడు. నాకిమ్మన్నాను.

"ఆదివారం మధ్యాహ్నానికి తెనాలి నుంచి మా గుమ్మం దాకా దానంతటది నడిచొస్తే నీదిరా. లేదంటే రేపల్లె ఆయనది," అన్నాడు.

నాలుగేళ్లుగా కదలని బండి. ముప్పై ఏళ్లు దాని మంచిచెడ్డలు చూసిన మేస్త్రీ వచ్చాడు. ఇంజన్లోంచి ఆయిల్ కొలిచే కమ్మి పైకి లాగి, వాసన చూసి, మిఠాయి కొట్టువాడు పాకం చూసినట్టు రెండు వేళ్ల మధ్య నలిపాడు.

"బ్రేకాయిల్, గేరాయిల్ మార్చేద్దాం బాబూ. ఇంజన్లోకి చిక్కటాయిలే పోద్దాం. లోపల మాత్రం కడగొద్దు. ఏళ్లనాటి మడ్డి గోడలకి పట్టుకునుంది. కదిపామా, ఊడొచ్చి ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడుద్ది."

అప్పటికి నేను మూడు రోజులుగా ఫోన్లో వీడియోలు చూస్తున్నాను. భూమ్మీద ఏ ఇంజనైనా నన్ను చూసి లేచి నిలబడాల్సినంత పాండిత్యం వచ్చేసింది.

"డీజిల్ పోసి శుభ్రంగా కడుగు. తర్వాత ఈ కొత్తరకం పల్చటాయిల్ పొయ్యి," అన్నాను.

"ఆ పని నేను చెయ్యనండి."

"ముప్పై ఏళ్లు మా నాన్నకి కబుర్లు చెప్పి బతికావు. నాకు చెప్పకు."

అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఆయన సబ్బుపొడితో చేతులు కడుక్కుని, మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఇంకో షెడ్డులో కడిగించి, ఆయిళ్లన్నీ కొత్తవి పోయించాను. కొల్లూరు లంకలన్నీ మునిగేంత నల్లటి మడ్డి దిగింది. ఫొటో తీసి అన్నయ్యకు పంపాను కూడా.

ఆదివారం పొద్దున బండి పిల్లిలా బయల్దేరింది. అంగలకుదురు దాటుతుంటే స్టీరింగ్ ముందు ఆయిల్ ఎర్రదీపం వెలిగింది. ఆయిల్ నిండా పోయించిన వాణ్ని నేను. అబద్ధమాడుతోంది దీపమే అనుకున్నాను. కాసేపటికి జీడిగింజలు కొట్టే వేటపాలెం ఆడవాళ్లందరూ బానెట్ కింద చేరి ఒక్కసారే పని మొదలెట్టినంత చప్పుడు. తర్వాత అదీ లేదు.

సిగ్గు చంపుకుని మేస్త్రీకి ఫోన్ చేశాను. వచ్చాడు. బానెట్ ఎత్తి, కమ్మి లాగి చూశాడు.

"కింద ఆయిల్ నిండా ఉందండి. జల్లెడ దాటి పైకి ఒక్క చుక్క ఎక్కలేదు. ఇంజన్ పట్టేసింది."

ముందే చెప్పానుగా అంటాడని చూశాను. అనలేదు. అనుంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని.

"మీరన్న మాటకి నేను రాకూడదు బాబూ. పెద్దాయన బండి అని వచ్చా."

అంతలో అన్నయ్య ఫోన్. "ఏంట్రా, ఎందాకా వచ్చావు? మీ వదిన అన్నం తినకుండా కూర్చుంది."

"అంగలకుదురు."

"ఇంకా తెనాలే దాటలేదా?" అన్నాడు. "సరే. రేపల్లె ఆయన్ని లారీ తెచ్చుకోమంటాను."

మర్నాడు రేపల్లె ఆసామి వచ్చాడు. ఇంజన్ పోయిందని తల దించుకుని చెప్పాను.

"ఇంజన్ నాకెందుకండి? పీకేస్తాం. ఫంక్షన్ హాల్లో పెళ్లిఫొటోలకి పెట్టుకుంటాను. ముందా ఆయిళ్లన్నీ దింపించండి, కార్పెట్ల మీద మరకలు పడతాయి."

దింపింది మేస్త్రీయే. నేను బతిమాలితే వచ్చాడు. ఇంజనాయిల్, గేరాయిల్, బ్రేకాయిల్, ఒక్కొక్కటీ ఆఖరి చుక్క దాకా డబ్బాల్లో పట్టాడు. వారం తిరగని సరుకు. "పట్టుకెళ్లు మేస్త్రీ, వేరే బళ్లకి పనికొస్తుంది," అన్నాను. క్షమించమనడానికి నాకు చేతనైన పద్ధతి అదే.

"వద్దండి," అన్నాడు.

లారీ వెళ్లాక డబ్బాలూ నేనూ మిగిలాం.