నేను తిప్పి చూడని పేజీ

పదకొండేళ్లుగా ఒక సంగతి లోపలే అణచిపెట్టుకుని తిరుగుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

కడపలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. ఆధారం చూడకుండా నిర్ణయానికి రావద్దని ఏటా పిల్లలకు బోధించేవాణ్ణి. ఆ ఏడు పరీక్షలో రెండు పేపర్లు అచ్చం ఒకేలా వచ్చాయి. తప్పులతో సహా. ఇద్దరివీ పక్కపక్క నంబర్లు. ఒకటి డాక్టరు గారి అమ్మాయిది. నేను ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు చెప్పే పిల్ల. రెండోది సుజాతది. మగ్గాల ఊరి నుంచి బస్సులో వచ్చేది. ఏడాది పొడవునా క్లాసులో ఆ పిల్ల గొంతు నేను వినలేదు. ఎవరు ఎవరిని చూసి రాశారో తేల్చుకోవడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

సుజాతను స్టాఫ్ రూముకు పిలిపించాను.

"నేను సూసి రాయలేదు సార్. ఎనక పేజీలో లెక్కంతా ఉండాది. ఒక్కసారి తిప్పి సూడండి సార్."

"ఇట్ల చెప్పేవాళ్లను శానామందిని చూసినాలేమ్మా. పో."

పేపరు నా చేతిలోనే ఉంది. తిప్పలేదు. ఎందుకు? తిప్పితే ఏం పోయేది?

నా రిపోర్టు మీద ఆమెను ఆ ఏడాదికి డిబార్ చేశారు. వారం తిరక్కుండా తండ్రి వచ్చి సర్టిఫికెట్లు తీసుకెళ్లిపోయాడు.

తర్వాత పేపర్ల కట్టలు కడుతుంటే సుజాత పేపరు తెరుచుకుంది. వెనక పేజీ నిండా లెక్క. కొట్టివేతలు, మళ్లీ చేసిన వరుసలు, గుర్తు తారుమారై తప్పు పుట్టిన చోటు కూడా. డాక్టరు గారి అమ్మాయి పేపరులో లెక్కే లేదు, జవాబులు తప్ప. ప్రిన్సిపాల్ గది పది అడుగుల దూరం. వెళ్లలేదు. ఎలాగూ మానేసిన పిల్ల, మళ్లీ వస్తుందా అనుకున్నాను. అది కూడా అడగకుండానే తేల్చేశాను. నిజానికి భయపడింది నా పేరు కోసం. కట్ట బిగించి స్టోరుకు పంపాను.

నాలుగేళ్ల తర్వాత వాళ్ల ఊరికి పెళ్లికి వెళ్లాను. ఒక గడప దగ్గర మగ్గానికి నూలు కండెలు చుడుతున్న మనిషి నన్ను చూసి లేచి నిలబడింది. సుజాత.

"బాగుండారా సార్?"

తలూపాను. ఆమె ముఖంలో కోపం లేదు. తప్పు చేసిన దానిలా తల దించుకుంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. దాటి వచ్చేశాను.

ఈ రాతతో ఆమెకు ఒరిగేదేమీ లేదు. పోయిన చదువు తిరిగి రాదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అయినా ఇది నా చేతితో ఒక్కసారి రాయాలి. సుజాత చూసి రాయలేదు. అది తెలిసీ నేను నోరు మూసుకున్నాను.