పలుగురాతి ముగ్గు

ఈ బరువు నాతో చాలా ఏళ్ళుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు, దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా వేరే కోరికలేవో చెప్పుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేనొక అబద్ధం ఆడాను. దాన్ని నమ్మిన మనిషి ఇవాళ మా పక్కింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం తన్నుకుంటోంది.

ఆమెను రాజమ్మ అనుకుందాం. అసలు పేరు వద్దు. నేను అత్తా అని పిలుస్తాను. రక్తసంబంధం లేదు కానీ, తమిళనాడులో ధర్మపురి నుంచి పాలకోడు పోయే దారిలో ఉన్న మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళన్నీ ఏదో ఒక వరసకు చుట్టాలే. మా నాన్న, ఆమె ఒకే మిల్లులో పనిచేశారు. తెల్లరాళ్ళను పిండి చేసే మిల్లు. నాన్న మూటలు మోసేవాడు. ఆమె పిండి పట్టి మూటలు కట్టేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా నెరిసిపోయి ఉండేవి. ముసలవ్వ వచ్చిందని మేం పిల్లలం నవ్వేవాళ్ళం. ఆమె మాకంటే గట్టిగా నవ్వేది.

మిల్లులో నేల మీద పడ్డ పిండిని ఊడ్చి ఆడవాళ్ళు ముగ్గుకు తెచ్చుకునేవారు. వేళ్ళ సందున మెత్తగా జారేది, గీత తెగేది కాదు. మా వీధిలో ఏ వాకిట చూసినా ఆ పిండే.

నేను ఫిజిక్సు చదివి హోసూరులో ఒక ల్యాబులో చేరాను. అక్కడ నాకు అప్పజెప్పింది ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం. ఆస్పత్రిలో ఎముకలు చూపించే ఎక్స్‌రే కాదు ఇది. రాయిలో అణువులు ముగ్గు చుక్కల్లాగా వరసలు తీరి ఉంటాయి. ఎక్స్‌రే ఆ వరసల మీద పడి కొన్ని కోణాల్లోనే గట్టిగా వెనక్కి వస్తుంది. చుక్కల మధ్య ఎడం మారితే కోణం మారుతుంది. ఆ కోణం దగ్గర తెర మీద గీత నిటారుగా లేస్తుంది. సిమెంటు సరిగ్గా కాలిందా, టైల్సు మట్టిలో ఏముంది, మాత్రలోని మందు సరైన రూపంలో ఉందా, ఇలాంటివన్నీ దానితోనే చూసేవాళ్ళం. సున్నపురాతి పిండి, పలుగురాతి పిండి కంటికి ఒకే తెలుపు. యంత్రానికి కాదు. గీత ఇరవై ఆరున్నర డిగ్రీలు దాటగానే లేస్తే పలుగురాయి, ఇరవై తొమ్మిది దాటాక లేస్తే సున్నపురాయి. దానికి మొహమాటం లేదు.

పని నేర్చుకునే రోజుల్లో సరదాకి ఇంట్లో ముగ్గు డబ్బాలోంచి చిటికెడు పిండి పట్టుకుపోయి పెట్టి చూశాను. సున్నపురాయి అనే అనుకున్నాను, మిల్లులో అందరూ అలాగే అనేవారు మరి. గీత ఇరవై ఆరున్నర దాటగానే తాటిచెట్టంత లేచింది. పక్కన ఇంకేమీ లేదనే చెప్పాలి. పలుగురాయి.

ఆ దుమ్ము ఏం చేస్తుందో నేను చదువుకున్నాను. సన్నని నలుసు ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. ఏళ్ళ తరబడి దాని చుట్టూ ఊపిరితిత్తులు గట్టిపడతాయి, పైకి టీబీలాగే కనిపిస్తుంది. దాన్ని మాన్పే మందు లేదు.

అప్పుడు నేను ఏం చేశానో తెలుసా? మా ఇంటి ముగ్గు మార్చాను. ఇక నుంచి బియ్యప్పిండితో వెయ్యి, చీమలు తింటాయి, పుణ్యం అని అమ్మతో అన్నాను. అమ్మ మురిసిపోయింది. పక్క వాకిట్లో రాజమ్మత్త పలుగురాతి పిండితోనే వేసుకుంటూ పోయింది. మధ్యలో ఉన్నది మోకాలెత్తు గోడ. ఆ గోడ మీదుగా ఒక్క మాట దాటించలేకపోయాను. రేపు చెబుదాం అనుకున్నాను. మిల్లు మీదే బతికే ఇళ్ళు కదా, బెదరగొట్టడం ఎందుకు అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉండేది, నన్ను నేను మంచిదాన్నని నమ్ముకోవడానికి.

తర్వాత మిల్లులో దగ్గులు ఎక్కువయ్యాయి. ఎవరో అర్జీ పెట్టుకున్నారు. దుమ్ములో పలుగురాయి ఎంత ఉందో పరీక్ష చేయించి చూపించమని మిల్లుకు పైనుంచి ఉత్తరువు వచ్చింది. ముదలాళి, అంటే మిల్లు యజమాని, మా ల్యాబుకే వచ్చాడు. నేనక్కడ ఉన్నానని తెలిసే వచ్చాడు. ఆయనా తెలుగాయనే, తరాల నుంచి వ్యాపారం చేసుకుంటున్న ఇల్లు. నన్ను మిల్లు ఆఫీసుకు రమ్మన్నాడు.

వెళ్ళాను. కుర్చీ చూపించి, "కూర్చోండమ్మా" అన్నాడు. నాన్న తలుపు దగ్గర తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ గదిలో నాన్న కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి మనిషిని ఆ నోరు 'అండీ' అని పిలవడం కూడా అదే మొదటిసారి. ఆయన నన్ను అబద్ధం రాయమనలేదు. ఆయుధపూజ అయిన మరునాడు వచ్చి దుమ్ము పట్టుకోండి, అన్నాడు. అంతే.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు, నాన్నకూ తెలుసు. ఆయుధపూజకు మిల్లంతా నీళ్ళు కొట్టి కడుగుతారు. దూలాల మీద పేరుకున్న దుమ్ము కూడా పోతుంది. యంత్రాలకు చందనం, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. మరునాడు మళ్ళీ తిప్పేటప్పుడు మొదట మెత్తని రాయే వెయ్యాలని ఆ మిల్లు ఆచారం. ఆ రోజంతా అసలైన సున్నపురాయే; పనివాళ్ళ నోట మాత్రం గట్టిదైనా మెత్తదైనా అన్నీ సున్నపురాళ్ళే. ఏడాది పొడుగునా పలుగురాయి నమిలే మిల్లు ఆ ఒక్కరోజే సున్నం తింటుంది.

సరేనన్నాను.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, మిల్లు మూతపడితే ఆడవాళ్ళకు పనిపోతుందని భయపడ్డాననీ, నాన్న కోసం తలవంచాననీ. అవి పూర్తిగా అబద్ధాలు కావు. కానీ ఇక్కడ దాచి ఏం లాభం? నేను లొంగింది ఆ కుర్చీకి, ఆ 'అండీ'కి. అంతకు మించి నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. అంత చవకగా అమ్ముడుపోయానని ఒప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.

పూజ మరునాడు పొద్దున్నే మిల్లుకు పోయాను. పనిచేసే మనిషి ఒంటికే పరికరం కట్టాలి. నడుముకు చిన్న పంపు, భుజం దగ్గర గాలి పీల్చే ఫిల్టరు. రాజమ్మత్త తనకు తానుగా ముందుకు వచ్చింది, మా పాప చేసే పని కదా అని. ఆమె రవికకు ఆ ఫిల్టరు నేనే గుచ్చాను. పిన్ను ఒంటికి తగలకుండా జాగ్రత్తపడ్డాను కూడా. ఎంత జాగ్రత్తో చూడండి!

సాయంత్రం విప్పుతుంటే అడిగింది.

"ఏం పాపా, ఈ పిండి ఒంటికి ఏమన్నా చేస్తుందా? దగ్గు వస్తావుంది, పని మానేసి పాలకోడు టమాటా మండీకి పోదామని అనుకుంటా ఉన్నాను. మా కోడలు కవిత కూడా పనికి వస్తానంటాంది. పిల్చుకోని రావచ్చునా, వద్దా? నువ్వు సదివినదానివి, నువ్వే చెప్పు."

"సున్నపురాతి పిండే కదత్తా," అన్నాను. "ఏం కాదు. పిల్చుకోని రా."

అదీ నా అబద్ధం. ఆ ఫిల్టరును యంత్రంలో పెడితే ఇరవై తొమ్మిది దాటాకే గీత లేచింది. నా పరీక్షలో తప్పు వెతికినా దొరకదు. ఆ రోజు గాలిలో ఉన్నది నిజంగా సున్నపురాయే. కానీ ఆమె ఆ రోజు సంగతి అడగలేదు కదా? తన బతుకు సంగతి అడిగింది.

ఆమె మండీకి పోలేదు. కవితను మిల్లుకు తీసుకుపోయింది.

నాన్న పోయాడు. లారీ మీద నుంచి పడి పోయాడు, దగ్గుతో కాదు. అయినా, బతికి ఉండగా మిల్లు సంగతి మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. రాజమ్మత్తకు దగ్గు ముదిరింది. టీబీ అన్నారు. మాత్రలు వాడింది, ఆపారు, మళ్ళీ మొదలుపెట్టారు. మొన్న అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ధర్మపురి ఆస్పత్రికి నేనే తోడుపోయాను. డాక్టరు కుర్రవాడు, మంచివాడు. ఏం పని చేస్తావని తమిళంలో అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను చూపు పక్కకు తిప్పుకున్నాను. ఆమె ఆయాసపడుతూనే గర్వంగా చెప్పింది, సున్నపురాతి మిల్లు అనీ, ఆ దుమ్ముతో ఏమీ కాదని మా పాపే పరీక్ష చేసి చెప్పిందనీ. నన్ను చూపించింది. డాక్టరు తలూపి మళ్ళీ టీబీ మాత్రలే రాశాడు. నేను పక్కనే నిలబడి ఆమె చీటీ పట్టుకున్నాను. నోరు తెరవలేదు. మొదటిసారి చిన్నదాన్ని, ఏదో మోజు. ఈసారి ఏమని చెప్పుకోను?

ఇంతవరకు నిన్న రాశాను. రాసి, ఒకసారి చదువుకుంటే ఇంకో మోసం కనబడింది. ఈ అక్షరాలు నేను చదువుకునే రోజుల్లో బెంగళూరు హాస్టల్లో ఒక స్నేహితురాలి దగ్గర నేర్చుకున్నవి. మా వీధిలో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం ఎవరికీ రాదు. చదివితే తమిళమే. అంటే, నేను ఎవరికి తప్పు చేశానో వాళ్ళు చదవలేని లిపిలో ఏరికోరి ఒప్పుకుంటున్నానన్నమాట. మీకు చెప్పడం సుళువు అయింది అందుకే.

ఇవాళ పొద్దున పక్కింటికి పోయాను. రాజమ్మత్త గడప దగ్గర దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కవిత మిల్లుకు పోయే ముందు వాకిట్లో ముగ్గు వేస్తోంది. చెప్పాను. వరసగా రాలేదు, తడబడ్డాను, పూజ సంగతి ముందూ ముగ్గు డబ్బా సంగతి వెనకా అయింది. కానీ అంతా చెప్పాను. అది పలుగురాయి అత్తా, నాకు అప్పుడే తెలుసు, అన్నాను. నాతో ఆస్పత్రికి రా, డాక్టరుకు కూడా నేనే చెబుతాను అన్నాను. కవితను ఇక మిల్లుకు పోవద్దన్నాను.

కవిత చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. సగం ముగ్గు దగ్గర లేచి, చెయ్యి చీరకు తుడుచుకోబోయి, ఆగిపోయింది.

రాజమ్మత్త మా వాకిలి వైపు చూస్తోంది. ఊపిరి కూడదీసుకుంటోందేమో అనుకున్నాను. అక్కడ అమ్మ వేసిన ముగ్గు గీతల వెంబడి చీమలు బారులు తీరి ఉన్నాయి.

"మీ ఇంటి ముందర మాత్రం చీమలు వచ్చేది," అంది, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, "అందుకేనా పాపా?"

"అవునత్తా," అన్నాను.

తిట్టలేదు. ఏడవలేదు. ఎప్పుడు పోయినా చాప లాగి కూర్చోమనే మనిషి, ఇవాళ కూర్చోమనలేదు. నేను నిలబడే ఉన్నాను. నిలబడే ఉండగా, ఎన్నో ఏళ్ళ తర్వాత, నా ఊపిరి అడ్డం లేకుండా లోపలిదాకా పోయింది. ఆమె ఎదుట అలా ఊపిరి పీల్చుకున్నందుకు నాకు సిగ్గు వేసింది.