రెండోవైపు ఆఖరి పాట

అత్తయ్య పోయిందన్న కబురు నాకు ఫోన్లో స్టేటస్‌గా తెలిసింది. ఆవిడ ఫొటో, దానికో దండ, వెనకాల పెళ్లి ఊరేగింపుల్లో వేసే ఇంగ్లీషు డాన్సు పాట. పెట్టినవాడు ఆవిడ కొడుకే. గుంటూరులో బస్సెక్కుతూనే ఫోన్ చేశాను.

"ఆ పాటేంట్రా?"

"పాడింది అమ్మకిష్టమైన గ్రూపేగా వదినా," అన్నాడు. ముక్కు చీదుకున్నాడు. ఫోన్ పెట్టేశాను గానీ, ఊరు చేరేదాకా నా కోపం తగ్గలేదు.

గ్రూపు అదే, నిజమే. ప్రపంచం చేత చిందులేయించిన గ్రూపు. కానీ అత్తయ్య ప్రాణం పెట్టుకున్నది వాళ్లు ఒక సినిమా కోసం పాడిన నెమ్మదైన పాట మీద. క్యాసెట్టులో రెండోవైపు ఆఖరున ఉండేది. పేరు చెప్పినా మీకు తెలియదు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు స్నేహితురాళ్లతో ఆ సినిమా చూసిందట.

పెళ్లయ్యాక క్యాసెట్టు కూడా ఆవిడతో మా మేనమామ వాళ్ల మిరపతోటల ఊరికి వచ్చింది. పాట మొదలవగానే ఎవరో ఒకరు పిలిచేవారు. మబ్బు పడితే కల్లంలో కాయల మీద పట్టా కప్పడానికి పరిగెత్తాలి. ఏమీ లేకపోతే మామయ్య, "ఆ ఏడుపు ఆపి వార్తలు పెట్టవే," అనేవాడు. ఆపేసేది. సెలవులకి వెళ్లిన నాకు ఒళ్లు మండేది.

"సగంలో ఆగిన పాట, రాబోయి ఆగిన తుమ్ములాంటిదే. రోజంతా ముక్కు పట్టుకు తిరగాలి," అని నవ్వేది.

ఆ పాట అర్థం నాకు విడమరిచి చెప్పింది ఆవిడే. ఇవాళ నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నానంటే మొదలు అక్కడే.

నా పెళ్లిలో ఆర్కెస్ట్రా అతన్ని ఆ పాట అడిగింది. "వాళ్లకి అలాంటి పాట లేదమ్మా, హిట్ సాంగ్ పాడతా," అన్నాడు. అత్తయ్య మైకు తీసుకుని, కళ్లు మూసుకుని తనే అందుకుంది. కీబోర్డు అతను శ్రుతి పట్టుకునేలోగా మామయ్య కింద నుంచి, "భోజనాలకి లేవండి," అని కేకేశాడు. మైకు ఇచ్చేసి వడ్డనకి వెళ్లిపోయింది. ఆవిడ మీదా నాకు కోపమే. ఒక్క నిమిషం ఆగండని ఎందుకనలేదు?

ఆవిడ పోయాక వెతికితే ఏ యాప్‌లోనూ ఆ పాట దొరకలేదు. ఆవిడ క్యాసెట్టునే గుంటూరు బ్రాడీపేటలో ఒక షాపులో ఇచ్చి ఫోన్లోకి ఎక్కించుకున్నాను. పెద్దకర్మ నాడు, ఇంటివాళ్ల బంతి కూర్చున్నాక, స్పీకర్లో ఆ పాట పెట్టాను.

"కట్టెయ్యమ్మా, మాటలు వినపడట్లేదు," అన్నారెవరో. కొడుకు లేవబోయాడు.

"ఉండనీరా," అన్నాడు మామయ్య.

పాట చివరిదాకా నడిచింది. సాంబారు బకెట్టు వరస తిరిగొచ్చేంత సేపు. అంత చిన్న పాటకి ఇన్నేళ్లు పట్టింది.

"ఏం చెప్తున్నారమ్మాయ్ అందులో?" అన్నాడు మామయ్య.

"పక్కనే ఉండి కూడా నీకోసం ఎదురుచూస్తున్నానని, మామయ్యా."

పెరుగు వడ్డించే అతను వచ్చి గరిటె పట్టుకుని నిలబడ్డాడు. మామయ్య చెయ్యి విస్తట్లోనే ఉంది. వేళ్లకంటిన మెతుకులు ఎండిపోతున్నాయి.