బొమ్మబండి ఇరుసు

ఆదివారం వచ్చిందంటే ఆ ఫ్యాక్టరీ టర్నరు తన పెరటి రేకుల షెడ్డులో, ఇనుము చెక్కే లేత్ మిషన్ ముందు కూర్చుంటాడు. రిమోటుతో రాళ్ళెక్కే బొమ్మబండి అంటే అతనికి పిచ్చి. కొన్న ఇరుసులు పుటుక్కున విరుగుతున్నాయని గట్టి ఉక్కుతో తనే చెక్కుకుంటాడు. ఒకప్పుడు చూపు పడగానే ఇరుసులో వెంట్రుకవాసి తేడా పట్టేసేవాడు. ఈమధ్య కిటికీ దగ్గరికెళ్ళి, ఒక కన్ను మూసి, ఇరుసుని ఎత్తి దించి చూస్తున్నాడు.

ఆ రోజు కొత్త ఇరుసు మొదటి రాయి మీదే విరిగింది. బట్టలారేస్తున్న భార్య ముక్క చేతిలోకి తీసుకుంది. “ఇక్కడ గీత పడిందండీ. సరిగ్గా అక్కడే విరిగింది.”

“ఏదీ?”

“ఇంత లోతుగా ఉంటే కనబడట్లేదా?”

అతనికి ఉక్కు మెరుపు తప్ప ఏమీ కనబడలేదు. ఫ్యాక్టరీలో అతను చెక్కేవి మనుషులెక్కే లిఫ్టుల ఇరుసులు.

“రేపు కళ్ళ డాక్టరు దగ్గరికెళ్దాం.”

“వెళ్తే ఉన్నదున్నట్టు చెప్పేస్తాడే,” అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె ఆ విరిగిన ముక్క అతని చేతిలో పెట్టింది. శుక్రవారం ఫ్యాక్టరీలో తను చెక్కిన ఇరుసులు బిగించకుండా ఆపమని చెప్పడానికి అతను ఫోను తీశాడు. ఫోర్‌మన్ నంబరు ఎంతకీ కంటికి ఆనక, ఫోను ఆమె చేతికిచ్చాడు.